ఎర్త్ వైరు పోయిందనుకున్నా: ఫౌన్ అనే జర్మనీ బ్యాండ్ గురించి ఒక మైక్ సెట్ వాడి రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు. విజయవాడలో మాకు మైక్ సెట్ వ్యాపారం. పెళ్ళిళ్ళు, రిసెప్షన్లు, గుళ్ళలో ఉత్సవాలు, ఎలక్షన్లొస్తే మీటింగులు, ఎవరు పిలిస్తే వాళ్ళకి బాక్సులు దించి మిక్సర్ ముందు కూర్చోవడమే పని. ఇరవై ఏళ్ళుగా రోజూ ఎవరో ఒకరు పాడుతుంటేనో మాట్లాడుతుంటేనో వినడమే నా చదువు. కాబట్టి రాగాల గురించి నన్ను అడక్కండి, శబ్దం గురించి అడిగితే మాత్రం గంటసేపు చెబుతా.

ఈ బ్యాండ్ నాకు తగిలింది కూడా పాట కోసం వెతికి కాదు. రిపేరుకిచ్చిన రెండు బాక్సులు తిరిగొచ్చాయి. రిపేరు చేసినాయన (పేరెందుకులెండి) లోపల స్పీకర్లు కొత్తవి వేశానని డబ్బులు తీసుకున్నాడు గానీ నాకు ముందునుంచీ అనుమానమే. గోడౌన్‌లో టెస్ట్ చేద్దామని కూర్చుంటే మా దగ్గర పనిచేసే కుర్రాడు తన ఫోన్ కలిపి ఏదో పెట్టాడు. పాట మొదలవకుండానే బాక్సుల్లోంచి గుయ్ మని ఒకటే మోత. ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళకి ఆ శబ్దం వింటే నిద్రలో కూడా మెలకువ వస్తుంది. ఎర్త్ సరిగ్గా లేకపోతే కరెంటు 50 హెర్ట్జ్ మోత బాక్సుల్లోకి వచ్చేస్తుంది, పెళ్ళికొడుకు తాళి కట్టేటప్పుడు గనక వచ్చిందంటే ఆ రోజు మన డబ్బులు గోవిందా. "ఆపరా, ఎర్త్ పోయింది" అని అరిచి ప్లగ్గు పీకా, కేబులు మార్చా, జంక్షన్ బాక్సు విప్పి స్క్రూలు బిగించా, రిపేరు చేసినాయన్ని మనసులో నాలుగు తిట్లు తిట్టుకున్నా. మళ్ళీ పెట్టాం. మళ్ళీ అదే గుయ్. అప్పుడు మావాడు మెల్లగా "అన్నా, అది పాటలోదే అన్నా" అన్నాడు.

అది హర్డీ గర్డీ అనే వాయిద్యం. జర్మన్‌లో డ్రెహ్‌లైయర్ అంటారట. వయొలిన్ లాంటి పెట్టె, దాని మధ్యలో ఒక చెక్క చక్రం, కుడిచేత్తో తిప్పడానికి ఒక హ్యాండిల్. చక్రం అంచుకి రోజనం అనే చెట్టు బంక పూస్తారు, అది తిరుగుతూ తీగల్ని రాస్తుంటుంది. అంటే వయొలిన్ కమాను చివరికంటా వచ్చి మళ్ళీ వెనక్కి తిరగాల్సిన పని లేకుండా, అంతులేని కమాను అన్నమాట. ఎడమచేత్తో చెక్క మీటలు నొక్కితే అవి తీగకి ఆని స్వరం మారుతుంది. ఇవి కాక పక్కన రెండు మూడు తీగలు ఏ మీటకీ అందకుండా, ఏ గొడవలోనూ తలదూర్చకుండా, ఒకే స్వరం పట్టుకుని మోగుతూనే ఉంటాయి. నేను ఎర్త్ పోయిందనుకున్నది వాటినే.

అంటే శ్రుతి. జర్మనీ వాడి శ్రుతిని నేను కరెంటు ఫాల్టు అనుకున్నా. ఇంతకంటే సిగ్గుచేటు ఏముంది, కానీ ఆ రోజు నుంచి వదల్లేదు. మూడు నెలలుగా వ్యాన్‌లో వెళ్తున్నా వస్తున్నా ఇదే.

ఫౌన్ మ్యూనిక్ వైపు వాళ్ళు. 1990ల చివర్లో మొదలుపెట్టారు, మొదటి ఆల్బమ్ 2002లో వచ్చింది. ఫౌన్ అంటే రోమన్ల కథల్లో సగం మనిషి, సగం మేక ఉండే అడవి దేవుడు. వాళ్ళు వాళ్ళ సంగీతాన్ని పాగన్ ఫోక్ అని చెప్పుకుంటారు, అంటే క్రైస్తవం రాకముందు అక్కడ ఉన్న దేవుళ్ళు, చెట్లు, నదులు, మంత్రాలు, ఆ లోకం. వాడే వాయిద్యాలు హర్డీ గర్డీ, హార్ప్, బ్యాగ్‌పైపు, పిల్లనగ్రోవులు, నికెల్‌హార్పా అనే స్వీడన్ వాయిద్యం, రకరకాల డప్పులు. వీటన్నిటి పక్కనే నీల్ మిత్ర అనే ఆయన సింథసైజర్, శాంప్లర్ అనే కరెంటుతో శబ్దాలు పలికించే పెట్టెలు పెట్టుకుని నిలబడతాడు. బ్యాండ్ పెట్టిన ఆలివర్ పాటలు పాడుతూ తీగ వాయిద్యాలు వాయిస్తాడు, చాలా ఏళ్ళు డప్పులు వాయించింది రూడిగర్ మౌల్, కొన్నేళ్ళ నుంచి హర్డీ గర్డీ వాయించేది స్టెఫాన్ గ్రోత్. ఆడవాళ్ళ గొంతులు మాత్రం మారుతూ వచ్చాయి, ఆల్బమ్‌కీ ఆల్బమ్‌కీ తేడా మొదట తెలిసేది అక్కడే.

పాటలు ఎక్కువగా జర్మన్‌లో ఉంటాయి. లాటిన్ ఉంది, ఉత్తర ఐరోపా పాత భాషలున్నాయి. మధ్యయుగం నాటి చేతిరాత ప్రతుల్లోంచి కూడా పాటలు తీసుకుని పాడతారు. వాళ్ళ ఊరి లైబ్రరీలోనే అలాంటి పుస్తకం ఒకటుంది, కార్మినా బురానా అని. బవేరియాలో ఒక మఠంలో 1803లో దొరికింది, తాగుడు, ప్రేమ, జూదం మీద సన్యాసుల కాలం నాటి పాటలు. మనకి తాళపత్రాలు ఎలాగో వాళ్ళకి ఇవి. నాకు ఒక్క ముక్క అర్థం కాదు, కాకపోతే అది నాకు పెద్ద అడ్డం అనిపించలేదు. తమిళనాట త్యాగరాజు కృతులకి తల ఊపేవాళ్ళలో ఎంతమందికి తెలుగొచ్చు?

ఇక అసలు విషయం. పాత వాయిద్యాలకి ఎలక్ట్రానిక్ సౌండ్ కలిపేవాళ్ళు మనకి కొత్తకాదు. మన జానపదాలకి డీజే కలిపి జాతరల్లో కొడుతున్నారు గదా, నా బాక్సుల మీదే కొడుతున్నారు. అక్కడ జరిగేదేంటంటే డప్పు ఏ రేంజిలో మోగుతుందో సరిగ్గా ఆ రేంజిలోనే కంప్యూటర్ డ్రమ్ము దెబ్బ కూడా దిగుతుంది, రెండూ గుద్దుకుంటాయి, మన డప్పు కింద పడుతుంది. ఆపరేటరు డప్పు వినపడ్డం లేదని దాన్ని పెంచుతాడు, డీజే వాడు వాడిది పెంచుతాడు, చివరికి బేస్ స్పీకరు కాయిలు కాలుతుంది. కాలేది నాది.

ఫౌన్‌లో సింథ్ వాయించేవాడు ఆ తప్పు చేయడు. నేను మిక్సర్ ముందు కూర్చునే బుద్ధితో విన్నా కాబట్టి నాకు మొదట పట్టింది ఇదే: అతను మధ్యలోకి రాడు. కింద, బాగా కింద, 100 హెర్ట్జ్‌కి లోపల ఒక చాప పరుస్తాడు. పైన, పిల్లనగ్రోవి ఊపిరి శబ్దం దాటాక ఎక్కడో, గాజుగాజులుగా కొంచెం చల్లుతాడు. నడిమి ఇల్లంతా హర్డీ గర్డీకీ గొంతులకీ వదిలేస్తాడు. కొన్ని పాటల్లో అయిదు నిమిషాలయ్యాక గానీ "అరె, కింద సింథ్ ఉంది గదా" అని తెలీదు. ఇంకా ముఖ్యంగా, అతను చాలాసార్లు చేసేది హర్డీ గర్డీ పట్టిన శ్రుతినే కింది స్థాయిలో తనూ పట్టడం. అంటే అక్కడ ఎలక్ట్రానిక్ అనేది తంబూర పని చేస్తోంది. హంగు కోసం తెచ్చి పెట్టింది కాదు.

ఇది నా సొంత తెలివి అనుకోకండి. మా నాదస్వరం బాబాయి చెప్పింది. ఆయన సొంత బాబాయి కాదు, చిలకలూరిపేట వైపు మనిషి, మా నాన్న కాలం నుంచి మేళం ఆయనది, మైకు మాది. నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా గారి సంప్రదాయం అని గర్వంగా చెప్పుకుంటాడు, ఆ ముక్క అనకుండా కాఫీ కూడా తాగడు. ఒక ముహూర్తానికి తెల్లవారుజామున మూడింటికి మంగళగిరి నుంచి వ్యాన్‌లో వస్తూ ఆయనకి ఇది వినిపించా.

రెండు నిమిషాలు ఏమీ అనలేదు. తర్వాత "ఒత్తు ఎవడు పడుతున్నాడ్రా?" అన్నాడు.

ఒత్తు అంటే ఈ తరానికి తెలీదు కాబట్టి చెప్పాలి. వెనకటి రోజుల్లో సన్నాయి మేళంలో ప్రధానంగా వాయించేవాళ్ళ పక్కన ఇంకొకాయన కూర్చుని, సన్నాయి లాంటిదే ఇంకోటి పట్టుకుని, ఒకే ఒక్క స్వరం గంటలతరబడి ఊదేవాడు. ఊపిరి తెగకూడదు. ముక్కుతో పీలుస్తూనే బుగ్గల్లో గాలితో ఊదాలి. పాట ఉండదు, పేరు ఉండదు, చప్పట్లు అసలే ఉండవు. "మా చిన్నాయన పదిహేనేళ్ళు అదే చేశాడు" అన్నాడు బాబాయి. తర్వాత శ్రుతి పెట్టె వచ్చింది, బెంగళూరు రాడెల్ వాళ్ళవీ ఇంకా వేరేవీ, మీట తిప్పితే చాలు, కరెంటు ఉన్నంతసేపూ మోగుతుంది. ఒత్తు పట్టేవాళ్ళు పోయారు.

"మరి మనం చేసేది కూడా ఇదే గదా బాబాయ్, పాత వాయిద్యం, కరెంటు శ్రుతి" అన్నా.

"ఇదే. కాకపోతే మనం ఆ పెట్టెని తెచ్చి కింద పడేస్తాం, దాని మొహం ఎవడూ చూడడు. వీళ్ళు దానికి కుర్చీ వేశారు" అన్నాడు.

నేను ఎన్ని ఆల్బమ్‌లు తిరగేసినా ఫౌన్ మీద అంతకంటే మంచి మాట నాకు తోచలేదు.

వినాలనుకునేవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలంటే, నా ఓటు టోటెమ్ అనే ఆల్బమ్‌కి, 2007లో వచ్చింది. చీకటిగా ఉంటుంది, నెమ్మదిగా ఉంటుంది, రాత్రి పది దాటాక కరకట్ట మీద కృష్ణ పక్కన బండి నడుపుతూ వినడానికి చేసినట్టుంటుంది. శ్రుతి మొదలై, దాని మీద డప్పు ఒక్కొక్క దెబ్బా పడుతూ, గొంతు వచ్చేసరికి చాలా టైము పడుతుంది, తొందరపడేవాళ్ళకి విసుగొస్తుంది. నాకైతే పంబజోడు అనే జంట డప్పులు పట్టుకుని కారెంపూడి వైపు పల్నాటి వీరుల కథ చెప్పేవాళ్ళు గుర్తొచ్చారు. కథ మొదలెట్టే ముందు తిత్తి ఊది శ్రుతి నిలబెడతారు చూడండి, మేకతోలు సంచిలో గాలి నింపి, చంక కింద పెట్టుకుని. అదీ బ్యాగ్‌పైపు జాతే. ఆ రెండు మూడు నిమిషాలు జనం కబుర్లు ఆపి సర్దుకుని కూర్చుంటారు, ఎవరూ ఆపమని చెప్పకుండానే. టోటెమ్‌లో ఆ సర్దుకునే టైము ప్రతి పాటలోనూ ఇస్తారు.

దాని తర్వాత 2009లో వచ్చిన బుఖ్ డెర్ బల్లాడెన్, అంటే పాటకథల పుస్తకం. ఇందులో ఎలక్ట్రానిక్ అసలు లేదు, మొత్తం చేతి వాయిద్యాలే. స్వచ్ఛమైన సంగీతం కావాలనేవాళ్ళు దీన్నే గొప్పదంటారని ఊహించగలను. నేను కూడా అలాగే అనుకుని పెట్టా. బాగుంది, గొంతులు బాగున్నాయి, హార్ప్ మీద వేలి గోరు తగిలే శబ్దం కూడా వినపడుతుంది. కానీ కాజ టోల్‌గేటు దాటేసరికి నాకు ఆవలింతలొచ్చాయి. అప్పుడు తెలిసింది నాకు, మిగతా ఆల్బమ్‌లలో నేను గమనించకుండా వదిలేసిన ఆ కింది చాప ఎంత పని చేస్తోందో. గదిలో ఏసీ నడుస్తున్నంతసేపూ దాని శబ్దం వినపడదు, ఆగితే గదా తెలిసేది. ఆ ఆల్బమ్ తప్పు కాదిది, వరసలో నేను విన్న పద్ధతి తప్పు. టోటెమ్‌కి ముందు విని ఉంటే వేరేలా రాసేవాణ్ణేమో.

ఈడెన్ 2011. ఇది నడిమి దారి, అన్నీ సమపాళ్ళలో ఉంటాయి, కొత్తవాళ్ళకి భయం పెట్టదు. ఎక్కువ చెప్పడానికేం లేదు, బాగుంటుంది.

2013 నుంచి వ్యవహారం మారింది. ఫొన్ డెన్ ఎల్బెన్ పెద్ద కంపెనీ ద్వారా వచ్చింది, జర్మనీ చార్టుల్లో మొదటి పదిలోకి వెళ్ళింది. తర్వాత ఏడాది వచ్చిన లూనా కూడా అంతే. డబ్బులొచ్చి ఉంటాయి, మంచిదే, వాయిద్యకారుల ఇళ్ళలో పొయ్యి వెలగాలి. కానీ సౌండు మనిషిగా చెబుతున్నా, నాకు ఇవి నచ్చలేదు. అన్నీ ఒకే ఎత్తులో కూర్చోబెట్టారు. నెమ్మదిగా ఉండాల్సిన చోట కూడా గట్టిగానే, గట్టిగా ఉండాల్సిన చోటా అంతే గట్టిగా. హర్డీ గర్డీ ఉంది, కానీ పక్కకి జరిగి మర్యాదగా నిలబడింది, చుట్టం ఇంట్లో ఉన్నట్టు. కోరస్ వచ్చినప్పుడల్లా పెళ్ళి వీడియోలో స్లో మోషన్ గుర్తొస్తుంది నాకు, ఎన్ని ఎడిట్ చేయించానో ఆ పాపం నాదీ కావచ్చు. ఇంట్లో మా ఆవిడకి మాత్రం ఈ రెండే నచ్చాయి. "ఇది పాట. నువ్వు వినేది ఫ్యాక్టరీ" అంది. ఆ లెక్కన ఇంట్లో ఓట్లు చెరి సగం.

మిడ్‌గార్డ్, 2016, ఉత్తర ఐరోపా పాత దేవుళ్ళ కథలు, డప్పులు మళ్ళీ బరువెక్కాయి. పాగన్, 2022, పేరులోనే పాత గూటికి వచ్చామని చెప్పుకున్నారు, చాలావరకు నిజమే, టోటెమ్ తర్వాత నేను ఎక్కువసార్లు తిరిగి విన్నది ఇదే.

వాయిద్యాల దగ్గరికి ఇంకోసారి వెళ్ళాలి, ఎందుకంటే నాకు పిచ్చి పట్టించింది అవే. హర్డీ గర్డీలో ఒక చిన్న చెక్క ముక్క ఉంటుంది, వదులుగా, ఒక తీగ కింద. చక్రాన్ని మణికట్టుతో ఒక్కసారి విసురుగా తిప్పితే ఆ ముక్క పలక మీద టపటపా కొట్టుకుని జుర్ మంటుంది. ఫ్రెంచివాళ్ళు దాన్ని కుక్క అంటారు. అంటే శ్రుతి పట్టే తీగతోనే తాళం కూడా వేస్తారు, ఒకే మనిషి, ఒకే చెయ్యి. తంబూరకి జీవాళి ఉంటుంది గదా, తీగకీ, దాన్ని మోసే గుర్రం అనే ముక్కకీ మధ్య చిన్న దారప్పోగు, అది సరిగ్గా కూర్చుంటేనే తీగ జుమ్మని పలుకుతుంది, లేకపోతే చచ్చిన తీగ. ఇక్కడ దారప్పోగు, అక్కడ చెక్కముక్క, రెండిటి బతుకూ ఆ కొంచెం వదులు మీదే. అన్నట్టు హర్డీ గర్డీ తీగ చక్రానికి తగిలే చోట దూది చుడతారు, శబ్దం గరగరలాడకుండా. వీడియోలో ఒకాయన దూదిని పీకి, వేళ్ళతో పల్చగా చేసి, తిరుగుతున్న చక్రం మీద తీగకి అలవోకగా చుట్టేశాడు. దీపారాధనకి మా అమ్మ వత్తి చేసినట్టే ఉంది. మూడుసార్లు వెనక్కి తిప్పి చూశా.

ఈ వాయిద్యం పాతది కూడా నిజంగానే. స్పెయిన్‌లో శాంటియాగో అనే ఊళ్ళో పెద్ద చర్చి ద్వారం మీద దీని తాతని చెక్కారు, 1188 నాటి పని. అందులో ఇద్దరు ముసలాళ్ళు ఒకే వాయిద్యాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు, ఒకడు చక్రం తిప్పడానికి, ఒకడు స్వరాలు మార్చడానికి. అప్పట్లో అది అంత పెద్దదిగా ఉండేది.

హార్ప్ చూసి మాత్రం మీరు విదేశీ వస్తువు అనుకోనక్కర్లేదు. అమరావతి శిల్పాల్లో ఉంది. విల్లులా వంగిన వీణ, ఒళ్ళో పెట్టుకుని తీగలు మీటుతూ ఆడవాళ్ళు, రాతిలో చక్కగా. వీణ అంటే అప్పుడు మనకి అదే. తర్వాత ఇక్కడ పూర్తిగా పోయింది, బర్మాలో ఇంకా బతికుంది. ఎక్కడో మ్యూనిక్ వాళ్ళ చేతిలో హార్ప్ వింటూ కరకట్ట మీద అమరావతి వైపు వెళ్తుంటే అదొక రకంగా ఉంటుంది, ఎలా ఉంటుందో చెప్పడం నాకు చేతకాదు.

ఇంతా చెప్పి ఒక పుల్ల కూడా వేయాలి. అన్నీ మధ్యయుగం వాయిద్యాలే అన్న ప్రచారం అంత గట్టిదేం కాదు. వాళ్ళు వాడే బుజుకీ అనే తీగ వాయిద్యం గ్రీకుది, అది ఐర్లండ్ జానపదంలోకి వచ్చిందే 1960లలో. నికెల్‌హార్పా బొమ్మ స్వీడన్‌లో 1350 ప్రాంతం నాటి చర్చి గేటు మీద ఉంది గానీ ఇప్పుడు అందరూ వాయించే రకాన్ని 1929లో ఒకాయన తయారుచేశాడు. పదహారు తీగలు, వాటిలో పన్నెండు ఎవరూ తాకకుండానే సారంగిలో లాగా వాటంతట అవే మోగేవి. కానీ దీనికి మనం నవ్వే పని లేదు. పద్యనాటకం మన ప్రాచీన సంప్రదాయం అంటాం, తెనాలి గుంటూరుల్లో హార్మోనియం లేకుండా పద్యం ఎత్తడు ఎవడూ. హార్మోనియం 1840లలో పారిస్‌లో పేటెంటు తీసుకున్న వస్తువు. 1940 నుంచి 1971 దాకా దాన్ని ఆలిండియా రేడియో గుమ్మం తొక్కనివ్వలేదు, మన సంగీతానికి పనికిరాదని. ఇప్పుడదే మన తాతలనాటి వాయిద్యం. ఇంకో అరవై ఏళ్ళకి శ్రుతి పెట్టెని కూడా పూజగదిలో పెట్టి పసుపు రాస్తామేమో.

ఫంక్షన్లలో పనికొస్తుందా అని మా వ్యాపారంలో వాళ్ళు అడుగుతారు కాబట్టి చెబుతున్నా. గుంటూరు లక్ష్మీపురంలో ఒక రిసెప్షన్‌కి, భోజనాల టైములో పెట్టి చూశా. మొదట పాటకథల ఆల్బమ్ పెట్టా, ఎవరూ పట్టించుకోలేదు, అంటే భోజనాల దగ్గర అది పాసైనట్టే. ధైర్యం వచ్చి టోటెమ్‌లోది ఒకటి వదిలా. సాంబారు బకెట్ పట్టుకున్న కుర్రాడు అడుగు తాళానికి వేయడం నా కళ్ళతో చూశా. ఒక మామ్మగారు చెయ్యి కడుక్కుని నా దగ్గరకొచ్చి "ఏ ఊరి మేళం నాయనా?" అన్నారు. జర్మనీ అన్నా. "మా మనవడు ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఉన్నాడు, వాడు మాట్లాడితే మనవరాలి పెళ్ళికి వస్తారా, ఎంత తీసుకుంటారు?" అన్నారు, సీరియస్‌గానే. నేను సమాధానం వెతుక్కునేలోపు పెళ్ళికొడుకు మేనమామ వచ్చి "ఎవరన్నా పోయారా ఏంటి, ఆ ఏడుపేంటి, మార్చు ముందు" అన్నాడు. మార్చేశా. కాబట్టి పనికొస్తుందా అంటే, మేనమామని బట్టి.

వాళ్ళని ఎదురుగా వినే యోగం మనకి ఇప్పట్లో లేదు. నెదర్లాండ్స్‌లో కాజిల్‌ఫెస్ట్, జర్మనీలో సెల్బ్ అనే ఊళ్ళో జరిగే మధ్యయుగం ఉత్సవం లాంటివి వాళ్ళ అడ్డాలు. జనం పాతకాలం బట్టలేసుకుని, తేనెని పులియబెట్టి చేసిన కల్లు లాంటిది తాగుతూ వింటుంటారు, వీడియోలున్నాయి. వాటిలో నేను చూసేది స్టేజి మీద మైకులు ఎక్కడ పెట్టారన్నదే. బ్యాగ్‌పైపు గొంతుకి మైకు అక్కర్లేదు, హార్ప్ గొంతు మైకు పెట్టినా చాలదు, ఆ రెండూ ఒకే స్టేజి మీద పక్కపక్కన వినపడాలి. సన్నాయినీ వీణనీ పక్కపక్కన కూర్చోబెట్టి ఫీడ్‌బ్యాక్ కూత రాకుండా నడిపించమన్నట్టు. ఆ ఆపరేటరు ఎవరో గానీ వాడికి నా దండం. పైగా అక్కడ చలి. మన రోహిణీ కార్తెలో ఇదే సెట్టు పున్నమి ఘాట్‌లో పెడితే చెమ్మకి ఆ చెక్క చక్రం ఉబ్బి, రోజనం జిగురై, మొదటి పాటకే చేతులెత్తేస్తుంది.

చివరిగా ఒక్క జాగ్రత్త. ఫోన్ స్పీకరులో వినకండి. చిన్న స్పీకరుకి కింది శబ్దాలు రావు, అంటే ఆ చాప మొత్తం పోతుంది, మిగిలేది ఎవరో పిల్లనగ్రోవి నేర్చుకుంటున్నట్టు ఉంటుంది, విని నన్ను తిడతారు. మామూలు హెడ్‌ఫోన్ అయినా చాలు. పెద్ద బాక్సులుంటే ఇంకా మంచిది, ముందు ఎర్త్ చూసుకుని. మూడో పాటకల్లా నచ్చకపోతే వదిలేయండి, ఇది బలవంతాన ఎక్కే సరుకు కాదు. అయిదుకి నాలుగిస్తా. ఆ ఒకటి కోసింది లూనాకి.

నా బాక్సుల సంగతి అడిగేవాళ్ళకి: విప్పి చూశా, స్పీకర్లు పాతవే.

మొన్న కార్తీక అమావాస్యకి బాబాయి కారెంపూడి వెళ్తూ వ్యాన్‌లో వేసుకోవడానికి పెన్ డ్రైవ్ అడిగాడు. ఏది ఎక్కించమంటావు బాబాయ్, నెమ్మదిగా ఉండే పాటకథలవి ఉన్నాయి, హాయిగా ఉంటాయి అన్నా.

"అవొద్దురా, నిద్రొస్తది. ఆ గుయ్ మనేది ఎక్కించు" అన్నాడు.